చిన్న స్నూకర్ పార్లర్ పెట్టాలంటే ఎంత కావాలి? గది నుంచి గల్లాపెట్టె దాకా పూర్తి లెక్క

పార్లర్ పెడదామనుకునేవాళ్లలో చాలామంది మొదట ఫోన్ చేసేది టేబుళ్లు అమ్మేవాళ్లకి. ఇదొక లక్షా పది వేలు, అదొక రెండు లక్షలు అని రేట్లు వినగానే "ఐదారు లక్షల్లో అయిపోద్ది" అని ఒక అంకె మనసులో పడిపోతుంది. టేబుళ్ల వరకు ఆ అంకె సరైనదే. కానీ గదికి ఇంచుమించు అంతే అవుతుంది, ఆపైన ఆట పుంజుకునేదాకా అద్దె, జీతాలు కట్టుకోవడానికి చేతిలో కొంత ఉండాలి. చాలా పార్లర్లు మూతపడేది ఈ మూడో ముక్క లేకే.

ఒంగోలు, ఖమ్మం, నిజామాబాద్ లాంటి ఊరిని దృష్టిలో పెట్టుకుని ఈ లెక్క వేశాను. రెండు ఎనిమిదడుగుల పూల్ టేబుళ్లు, ఒక పన్నెండడుగుల స్నూకర్ టేబుల్. పూల్‌కి కాలేజీ పిల్లలు వస్తారు, స్నూకర్‌కి రోజూ వచ్చే పాత ఆటగాళ్లు వస్తారు. రెండు రకాల గిరాకీ ఉంటే ఒకటి తగ్గినా ఇంకొకటి నిలబెడుతుంది. ఇక్కడి ధరలన్నీ అంచనాలు. మీ ఊళ్లో కొటేషన్లు తెచ్చుకుని అంకెలు మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

మొదటి అడుగు: ఖర్చును గంటల్లోకి మార్చుకోండి

ఒక టేబుల్ మీద ఒక గంట ఆట నడిస్తే దాన్ని ఒక టేబుల్ గంట అనుకుందాం. మీరు అమ్మే సరుకు అదొక్కటే. పూల్ గంటకు 150, స్నూకర్ గంటకు 180 అనుకుంటే మూడు టేబుళ్ల సగటు 160 రూపాయలు. ఇక ఏ ఖర్చు ఎదురైనా దాన్ని 160తో భాగించి చూడండి.

అద్దె 5,000 ఎక్కువైతే నెలకు 31 గంటలు, అంటే రోజూ ఒక గంట ఆట అదనంగా నడవాలి. మెయిన్ రోడ్డు మీద షట్టర్ 40,000, వెనక సందులో 25,000 అని ఓనర్లు చెప్పారనుకోండి. తేడా రోజుకు మూడు గంటల ఆట. మెయిన్ రోడ్డు మీద ఉన్నందుకు ఆ మూడు గంటలు అదనంగా వస్తాయా? బట్టల కొట్టుకైతే వస్తాయేమో. పార్లర్‌కి దారిన పోయేవాళ్లు ఊరికే లోపలికి రారు, ఫ్రెండ్ తీసుకొస్తేనే వస్తారు. అందుకే నా ఓటు వెనక సందుకే. బైకులు పెట్టుకునే చోటు మాత్రం ఉండాలి.

రేట్ల సంగతి కూడా ముందే తేల్చుకోండి. మీ ఊళ్లో ఉన్న పార్లర్లకు మామూలు రోజు మధ్యాహ్నం ఒకసారి, శనివారం రాత్రి ఒకసారి వెళ్లి ఎన్ని టేబుళ్ల మీద లైటు వెలుగుతోందో చూడండి. గంటకు ఎంత తీసుకుంటున్నారో, ఏసీకి వేరేగా తీసుకుంటున్నారో అడగండి. అక్కడ 120 నడుస్తుంటే మీరు 160 అడిగితే ఎవరూ రారు. మరి 120తో మీ లెక్క నిలబడుతుందా లేదా అన్నది కింద మొత్తం వేశాక చూద్దాం.

రెండో అడుగు: గదిని స్టిక్‌తో కొలవండి

పార్లర్‌కి కొలత టేబుల్ సైజు కాదు, టేబుల్ చుట్టూ స్టిక్ తిరిగే చోటు. మామూలు స్టిక్ 57, 58 అంగుళాలు ఉంటుంది. బాల్ కుషన్‌కి (టేబుల్ అంచు చుట్టూ ఉండే రబ్బరు గట్టు) ఆనుకుని ఉన్నప్పుడు స్టిక్ మొత్తం టేబుల్ బయటే ఉండాలి కదా. ఎనిమిదడుగుల పూల్ టేబుల్ ఆడే భాగం 88 అంగుళాల పొడవు, 44 వెడల్పు. రెండు వైపులా స్టిక్ కలుపుకుంటే దాదాపు 17 అడుగులు ఇంటూ 13 అడుగుల 4 అంగుళాలు. పన్నెండడుగుల స్నూకర్ టేబుల్ ఆడే భాగం 11 అడుగుల 8½ అంగుళాలు ఇంటూ 5 అడుగుల 10 అంగుళాలు, దానికి 22 ఇంటూ 16 అడుగులు కావాలి. పక్కపక్కన ఉన్న రెండు టేబుళ్ల మధ్య ఐదడుగుల పైచిలుకు ఖాళీ ఇద్దరికీ సరిపోతుంది, ఇద్దరూ ఒకేసారి అక్కడ నిలబడి కొట్టేది తక్కువ. అలా సర్దితే మూడు టేబుళ్లకు సుమారు 700 చదరపు అడుగులు, కూర్చునే చోటు, కౌంటర్, బాత్రూమ్ కలిపి వెయ్యి.

స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్పూర్ బ్రిటిష్ ఆఫీసర్ల మెస్‌లో. ఊటీ క్లబ్బులో రూల్స్ రాసిపెట్టారు. వాళ్లకి ఆటకు తగ్గ పెద్ద హాళ్లున్నాయి. మనకి దొరికేవి కిరాణా కొట్లకి, మొబైల్ షాపులకి కట్టిన మడిగెలు. వాటిలో పది పన్నెండు అడుగులకొక పిల్లర్ ఉంటుంది. వెయ్యి చదరపు అడుగులు ఉన్నా సరిగ్గా మధ్యలో పిల్లర్ ఉంటే ఆ గది స్నూకర్‌కి పనికిరాదు.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు సుద్దముక్క, టేపు, ఒక స్టిక్ పట్టుకెళ్లండి. నేల మీద టేబుల్ ఆడే భాగం గీతలు గీసి, నాలుగు మూలల్లోనూ వంగి కొట్టినట్టు చూడండి. స్టిక్ వెనక చివర గోడకి, పిల్లర్‌కి, బాత్రూమ్ తలుపుకి తగులుతుందేమో తెలిసిపోతుంది. తగిలే చోట పొట్టి స్టిక్ పెడతామంటారు కొందరు. ఒక మూలకైతే సరే. రెండు మూలల్లో తగిలితే మంచి ఆటగాడు రెండోసారి రాడు.

తర్వాత బరువు. పూర్తి సైజు స్నూకర్ టేబుల్ టన్ను పైనే తూగుతుంది. క్లాత్ కింద ఉండే స్లేట్ రాయి ఐదు పలకలుగా వస్తుంది, ఒక్కో పలక 150 కిలోలకు పైనే. మొదటి అంతస్తు అద్దె తక్కువే, కానీ మెట్ల మలుపులో ఆరడుగుల పలక తిరగాలి, ఎనిమిది కాళ్ల కింద స్లాబ్ నిలవాలి. పాత బిల్డింగ్ అయితే ఇంజినీరుకి చూపించకుండా ఒప్పుకోకండి. కాళ్లు బీముల మీదకి వచ్చేలా టేబుల్ పెడితే మేలు.

సెల్లార్ ఇంకా చవగ్గా వస్తుంది. వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకే నీళ్లొచ్చాయి, ఇక సెల్లార్ల సంగతి చెప్పేదేముంది. వరద రాకపోయినా చెమ్మకి క్లాత్ బరువెక్కుతుంది, బాల్ మెల్లబడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో నేల మీద గదిలోనే ఈ తంటా ఉంటుంది.

ఒప్పందంలో మూడు విషయాలు రాయించుకోండి: కనీసం మూడేళ్లు ఖాళీ చేయించకూడదు, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, రాత్రి ఎన్నింటి దాకా తెరిచి ఉంచవచ్చు. మూడోది చాలామంది నోటిమాటగా వదిలేస్తారు. పైన కాపురం ఉండేవాళ్లు రాత్రి పదింటికి బాల్స్ చప్పుడుకి గొడవకొచ్చాక ఓనర్ మాట మారుతుంది.

మూడో అడుగు: టేబుళ్లు

ముందు అడగాల్సింది బెడ్, అంటే క్లాత్ కింద పరిచే పలక, దేనితో చేసిందని. ప్లైవుడ్, ఎండీఎఫ్ బెడ్ ఉన్నవి ఇంట్లో ఆడుకోవడానికి. పార్లర్‌లో పెడితే ఒక వానాకాలం గడిచేసరికి వంగుతాయి. మార్బుల్ బెడ్ చవకలో వస్తుంది, నడుస్తుంది. స్లేట్ అన్నిటికంటే మంచిది. అమ్మేవాళ్లు మందం చెప్పకుండా "హెవీ స్లేట్ సార్" అంటారు. ఎన్ని మిల్లీమీటర్లో బిల్లు మీద రాయమనండి. పూల్ టేబుల్‌కి 25 మిల్లీమీటర్లు, స్నూకర్‌కి 40 పైన ఉండాలి.

ఈ లెక్కలో పూల్ టేబుళ్లు కొత్తవి, ఒక్కోటి 1,10,000. స్నూకర్ టేబుల్ సెకండ్ హ్యాండ్, కొత్త క్లాత్, రబ్బరు వేయించి 2,00,000. స్నూకర్‌కే సెకండ్ హ్యాండ్ ఎందుకంటే, స్లేట్‌కి వయసుతో పని లేదు, పాడయ్యేవి క్లాత్, కుషన్ రబ్బరు, పాకెట్ వలలు. అవి ఎలాగూ మారుస్తాం. చవక పూల్ టేబుళ్లలో ఫ్రేమే ముందు వదులవుతుంది, పాతది కొంటే రిపేర్లకే సరి.

సెకండ్ హ్యాండ్ టేబుల్‌ని విప్పకముందే, అది నిలబడి ఉన్న చోటే చూడాలి. బాల్‌ని ఒక చివర నుంచి చాలా మెల్లగా దొర్లించండి. ఆగే ముందు పక్కకి వంగితే లెవల్ పోయిందన్నమాట, అది సరిచేయొచ్చు. మధ్యలో టక్‌మని చిన్న ఎగురు ఎగిరితే పలకల జాయింట్ దగ్గర ఎత్తుపల్లాలున్నాయి. క్లాత్ మీద వేలితో రాస్తే గీత తగులుతుంది. పలక అంచు విరిగి ఉంటే మాత్రం వదిలేయండి. తర్వాత బాల్‌ని పొడవునా గట్టిగా కొట్టండి. కుషన్ బాగుంటే నాలుగు పొడవులు తిరుగుతుంది. రెండు పొడవులకే చతికిలబడి, తగిలినప్పుడు చప్పుడు మొద్దుగా వస్తే రబ్బరు చచ్చిపోయింది. ఆరు కుషన్లకీ వేరువేరుగా కొట్టి చూడండి, ఒక్కటి చచ్చినా మొత్తం మార్పించాల్సిందే.

రవాణా, హమాలీలు, ఫిట్టింగ్ కలిపి 45,000 వేసుకోండి. టేబుల్ అమ్మినవాడే ఫిట్టర్‌ని పంపితే మంచిది. ఆ ఫిట్టర్ ఫోన్ నంబరు తీసుకుని, మళ్లీ పిలిస్తే ఎంతకు వస్తాడో అప్పుడే మాట్లాడుకోండి. కొత్త చోట పెట్టిన కొన్ని వారాలకి టేబుల్ కుదురుకుని లెవల్ కాస్త కదులుతుంది, రెండోసారి లెవలింగ్ తప్పదు. హైదరాబాద్ నుంచి రావాలంటే బస్ చార్జీ, బస కూడా మీదే. "అన్నా, బాల్ ఎడమకి పోతుంది" అని ఒకడు అన్నాడంటే వారంలో ఊరంతా అంటుంది.

బాల్స్ దగ్గర పిసినారితనం వద్దు. చవక సెట్ త్వరగా రంగు వెలిసి, అంచులు చిట్లి, క్లాత్‌ని గీరుతుంది. బెల్జియంలో తయారయ్యే అరామిత్ బాల్స్ ఫినాలిక్ రెజిన్‌వి, ఏళ్ల తరబడి ఉంటాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి, స్నూకర్ బాల్ 52.5 మిల్లీమీటర్లు, పూల్ బాల్ 57 పైన. పూల్ సెట్‌లో తెల్ల బాల్ పోయిందని స్నూకర్ తెల్ల బాల్ వేసి ఆడించడం కొన్నిచోట్ల చూస్తాం, ఆట మొత్తం చెడుతుంది. మూడు సెట్లకీ కలిపి 36,000. స్టిక్స్ పన్నెండు, 18,000. రెస్ట్‌లు (దూరపు బాల్ కొట్టేటప్పుడు స్టిక్ ఆన్చుకునేవి), ట్రయాంగిల్స్, చాక్, టిప్స్ (స్టిక్ కొసన అతికించే తోలు ముక్కలు), బ్రష్, ఇస్త్రీపెట్టె, కవర్లకి 16,000. టిప్ మార్చడం మీరే నేర్చుకోండి, అదో పెద్ద విద్యేం కాదు.

నాలుగో అడుగు: లైట్లు, కరెంటు, ఏసీ

టేబుల్ లైటు టేబుల్ మీద నుంచి మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో, నీడ పడకుండా ఉండాలి. మూడింటికీ 27,000. వాటి స్విచ్చులు టేబుల్ పక్కన పెట్టొద్దు, కౌంటర్ దగ్గర పెట్టించండి. లైటు వేస్తే టైమ్ మొదలు, ఆర్పితే బిల్లు. ఎవరు ఎంతసేపు ఆడారన్న వాదనలు సగం ఇక్కడే ఆగిపోతాయి. మీరు లేనప్పుడు కుర్రాడు లెక్కలో రాయకుండా ఆడించినా, కెమెరాలో లైటు వెలిగిన టైమ్ చూస్తే బయటపడుతుంది. వైరింగ్ అయిపోయాక మార్చాలంటే గోడ పగలగొట్టాలి కాబట్టి ఎలక్ట్రీషియన్‌కి మొదటిరోజే చెప్పండి.

ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, 90,000. ఇన్వర్టర్ ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ పైన తాగుతుందనుకుంటే, రెండూ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 650 యూనిట్ల పైన. ఇది కమర్షియల్ మీటర్, ఇంటి రేటు కాదు. యూనిట్‌కి పది రూపాయల చొప్పున వేసుకుంటే ఏసీలకే 6,500 దాటుతుంది. ఎండాకాలం ఎక్కువ, చలికాలం తక్కువ, మొత్తం మీద నెలకు 11,000 కరెంటుకి పెట్టుకోండి. లోడ్ పెంచుకోవడం, వైరింగ్ 60,000. ఇన్వర్టర్, బ్యాటరీలు 40,000. కరెంటు పోతే ఏసీ ఆగినా పర్లేదు, టేబుల్ లైట్లు ఆగకూడదు.

ఐదో అడుగు: కాగితాలు

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ దగ్గర షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ ఉండాలి. టీ, కూల్‌డ్రింకులు అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఎఐ రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, బ్రోకర్‌కి డబ్బులివ్వొద్దు. సేవల వ్యాపారం కాబట్టి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ టేబుళ్లు కొనేటప్పుడు జీఎస్టీ మీరు కట్టాల్సిందే, కొటేషన్‌లో రేటు జీఎస్టీతో కలిపా కాదా అడగండి. ఒక్క మాటకి వేల రూపాయల తేడా వస్తుంది.

పోలీస్ స్టేషన్‌కి ముందే వెళ్లి అర్జీ ఇచ్చి, అనుమతి కావాలా అని రాతపూర్వకంగా అడగండి. ఓడినవాడు టేబుల్ బిల్లు కట్టడం పార్లర్లలో మామూలే. కానీ డబ్బు పందేలు జరగనిస్తే 1974 నాటి గేమింగ్ చట్టం ఆడినవాళ్లతో పాటు నడిపేవాళ్ల మీదకీ వస్తుంది. సిగరెట్లు లోపల వద్దు. పబ్లిక్ చోట పొగ తాగడం నేరం, పైగా నిప్పురవ్వ పడితే ఒక్క రంధ్రానికి క్లాత్ మొత్తం మార్చాలి. స్కూలు యూనిఫాంలో వచ్చిన పిల్లాడిని లోపలికి రానివ్వకండి, వాళ్ల నాన్న వచ్చేది మీ దగ్గరికే. వీటన్నిటికీ ఫీజులు, ఆడిటర్ ఖర్చు కలిపి 20,000.

ఆరో అడుగు: మొత్తం కూడదాం

టేబుళ్ల వైపు: పూల్ 2,20,000, స్నూకర్ 2,00,000, రవాణా ఫిట్టింగ్ 45,000, బాల్స్ 36,000, స్టిక్స్ 18,000, చిల్లర సామాను 16,000, లైట్లు 27,000. వెరసి 5,62,000.

గది వైపు:
- ఆరు నెలల అడ్వాన్సు 1,50,000
- బ్రోకర్‌కి ఒక నెల అద్దె 25,000
- ఫ్లోరింగ్, పెయింటు, బాత్రూమ్ 1,20,000
- వైరింగ్, లోడ్ 60,000
- ఏసీలు 90,000
- ఇన్వర్టర్ 40,000
- కుర్చీలు, కౌంటర్ 45,000
- సీసీ కెమెరాలు 18,000
- బోర్డు, పాంప్లెట్లు 30,000
- లైసెన్సులు 20,000
- బిల్లింగ్ ట్యాబ్, ప్రింటర్ 15,000

వెరసి 6,13,000. రెండూ కలిపితే 11,75,000.

ఇక నెల ఖర్చు. అద్దె 25,000, ఇద్దరు కుర్రాళ్లకి 26,000, కరెంటు 11,000, ఇంటర్నెట్, నీళ్లు, శుభ్రం 4,000, క్లాత్ కోసం పక్కన పెట్టేది 5,000, రిపేర్లు 3,000. మొత్తం 74,000. నాలుగు నెలలది చేతిలో ఉంచుకోవాలంటే 2,96,000. అంటే తలుపు తెరిచే రోజుకి మీ దగ్గర ఉండాల్సింది 14,71,000.

క్లాత్‌కి నెలనెలా ఎందుకు తీసి పెట్టాలంటే, రోజంతా ఆడే టేబుల్ క్లాత్ ఏడాది తిరక్కుండానే అరిగిపోతుంది, మూడు టేబుళ్లకీ ఒకేసారి డబ్బు చూడాలంటే కష్టం. రోజూ పొద్దున తెరవగానే బాక్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్ల బాల్ వైపుకి ఒకే దిక్కుగా బ్రష్ చేయించండి. స్నూకర్ టేబుల్‌కి అదే దిక్కున ఇస్త్రీ. దీనివల్ల క్లాత్ ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

ఇప్పుడు గంటల్లోకి వద్దాం. 74,000ని 160తో భాగిస్తే నెలకు 463 గంటలు, రోజుకు పదిహేనున్నర, టేబుల్‌కి ఐదు గంటల పైచిలుకు. ఇది ఖర్చులకే. అడ్వాన్సు తిరిగొచ్చేది కాబట్టి దాన్ని వదిలేసి, మిగిలిన పది లక్షల పాతిక వేలు మూడేళ్లలో రాబట్టుకోవాలంటే నెలకు ఇంకో 28,500. అంటే రోజుకు ఇంకో ఆరు గంటలు. వెరసి ఒక్కో టేబుల్ రోజుకి ఏడు గంటలు ఆడాలి. పన్నెండు గంటలు తెరిచి ఉంచితే అది సాధ్యమే, కానీ మామూలు రోజుల్లో పొద్దునపూట ఎవరూ రారు. ఆట అంతా సాయంత్రం ఐదు తర్వాతే.

ఇదే ఊళ్లో సగటు రేటు 120 అయితే? ఖర్చులకే టేబుల్‌కి రోజూ ఏడు గంటలు కావాలి. ఆ రేటుకి ఈ సైజు పార్లర్ నిలవదు. అద్దె 15,000 లోపు దొరకాలి, ఒక కుర్రాడి బదులు మీరే కూర్చోవాలి. రెండూ కుదరకపోతే ఆ ఊళ్లో పెట్టకండి.

టీ, కూల్‌డ్రింకుల మీద కొంత వస్తుంది. దాన్ని ఈ లెక్కలో కలపలేదు, కలపకూడదు కూడా. టేబుళ్ల మీద నష్టం వస్తుంటే థమ్సప్ అమ్మి పూడ్చలేరు.

ఏడో అడుగు: అప్పు ఎంత వరకు

ముద్రా పథకంలో తరుణ్ కింద 10 లక్షల వరకు లోన్ ఉంది. కానీ బ్యాంకు ఇస్తానన్నంతా తీసుకోకండి. ఆరు లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్లకి తీసుకుంటే నెలవాయిదా 13,000 దాటుతుంది. మన లెక్కలో అది రోజుకు ఇంకో రెండున్నర గంటల పైన ఆట. మొదటి నెల నుంచే కట్టాలి, పిల్లలకు పరీక్షలున్నా, వానలు పడినా. చేతిలో ఉంచుకోవాల్సిన మూడు లక్షలు మాత్రం అప్పుది కాకూడదు. చీటీ పాట పాడి ఆ డబ్బు పెట్టడమూ అప్పే.

తెరిచాక మొదటి మూడు నెలలు

ఫిబ్రవరి, మార్చిలో తెరవకండి, ఇంటర్ పరీక్షల టైమ్. కాలేజీలు మొదలయ్యే రోజుల్లో తెరిస్తే గిరాకీ త్వరగా కుదురుతుంది. ప్రారంభానికి సగం రేటు పెట్టి నెలంతా నడపొద్దు, తర్వాత పెంచితే మోసపోయినట్టు అనుకుంటారు. సాయంత్రం రేటు అలాగే ఉంచి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా తగ్గించండి. ఆ గంటలు ఎలాగూ ఖాళీయే.

ఒక నోట్‌బుక్‌లో రోజువారీగా ఏ టేబుల్ ఎన్ని గంటలు ఆడిందో రాయండి. రూపాయలు కాదు, గంటలు. మూడో నెల చివర చూస్తే ఏ టేబుల్ ఎప్పుడు ఖాళీగా ఉంటోందో కనబడుతుంది. స్నూకర్ టేబుల్ రోజుకు మూడు గంటలు కూడా దాటకపోతే దాన్ని అమ్మేసి ఆ చోట ఇంకో పూల్ టేబుల్ వేయండి. కొన్న బిల్లు, స్లేట్ మందం రాసిన కాగితం దాచి ఉంచితే అమ్మేటప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది.